గురువారం బిగుసుకునే స్టీరింగు

మా బండికి ఏ రోగమూ లేదని నలుగురు మగవాళ్లు కలిసి తేల్చేశారు. ఒకరు మా ఆయన, ఒకరు మా మామగారు, ఒకరు మెకానిక్కు. నాలుగో ఆయన పక్కింటి రిటైర్డు హెడ్మాస్టరు. ఆయన్నెవరూ అడగలేదు, గోడ మీంచి విని తనంతట తనే తీర్పు చెప్పేశాడు. స్టీరింగు బిగుసుకోవడమనేది నాకొక్కదానికే జరుగుతుందట. వాళ్లలో ఎవరు పట్టుకున్నా నూనె రాసినట్టు తిరుగుతుందట. అంటే లోపం బండిలో లేదు, నాలో ఉంది. ఆ మాట ఎవరూ పైకి అనలేదు గానీ నాకు వినబడింది.

నిజం చెప్పాలంటే, వాళ్లకంటే ముందు ఆ మాట నాకు నేనే చెప్పుకున్నాను. అందుకే అంత ఒళ్లు మండింది.

బండి అంటే ఏడుగురు పట్టే పాత వ్యాను. నాకు ఫొటో ఫ్రేములు కట్టే చిన్న దుకాణం ఉంది. అద్దాలు, చెక్క బద్దలు, అట్టలు అన్నీ దాంట్లోనే మోస్తాను. సోమవారం నుంచి శనివారం దాకా బండి నాది. పొద్దున్నే పాపని బడి దగ్గర దింపడం, దుకాణం తెరవడం, మధ్యాహ్నం కట్టిన ఫ్రేములు ఇళ్లకి చేర్చడం, సాయంత్రం పాపని ఎక్కించుకుని రావడం. ఆదివారం బండి మా ఆయనది. మార్కెట్టుకో, చుట్టాలింటికో దర్జాగా ఒంటిచేత్తో నడుపుతాడు.

ఈ రెండు రాజ్యాల మధ్య మామయ్య ఉంటారు. ఆయన ముప్పై ఒక్క ఏళ్లు బస్సు నడిపారు. బస్సు మీద ఒక్క గీత పడనివ్వలేదని ఇప్పటికీ అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెబుతారు. ఆదివారం మేం నిద్ర లేచేసరికి బండి కడిగి, తుడిచి, బానెట్టు ఎత్తి నీళ్లూ ఆయిళ్లూ చూసి, టైర్లని కాలితో తన్ని, తాళం మా ఆయన చేతికి అందిస్తారు. అది డిపోలో అలవాటు. చేతులు మారే బండి మురికిగా, వెలితిగా ఉంటే అది ఇచ్చేవాడికి సిగ్గట. నేను పెళ్లయి వచ్చిన కొత్తలో కాఫీ గ్లాసు సగం నింపి ఇచ్చినా ఇదే మాట అన్నారు.

మొదటిసారి జరిగింది ఒక గురువారం సాయంత్రం, రెండు నెలల కిందట. దుకాణం ముందు నుంచి బండి వెనక్కి తీస్తున్నాను. స్టీరింగు ఎడమకి తిప్పబోతే తిరగలేదు. అవతలి వైపు నుంచి ఎవరో పట్టుకుని లాగుతున్నట్టు ఉంది. బానెట్టు కింద ఎక్కడో ‘ఊఁ’ అని మూలిగింది. రెండు చేతులూ వేసి, భుజాలు పైకి లేచేదాకా లాగితే అంగుళం అంగుళం కదిలింది. రోడ్డెక్కి రెండు సందులు తిరిగేసరికి మళ్లీ మామూలే.

ఇంటికొచ్చి చెప్పాను. మా ఆయన సెల్లులోంచి తలెత్తకుండా, “ఆదివారం చూస్తాలే” అన్నాడు.

ఆదివారం చూశాడు. గేటు ముందు బండి నిలబెట్టి, కిటికీలోంచి నన్ను పిలిచి, స్టీరింగు ఒక్క వేలితో గిరగిరా తిప్పి చూపించాడు. “ఇదేనా బిగుసుకున్నది?” అన్నాడు. ఆ వేలు కొరికేద్దామనిపించింది.

“నువ్వు దాన్ని మరీ గట్టిగా పట్టుకుంటావే. కొత్తగా నేర్చుకున్నవాళ్లలాగ,” అన్నాడు. నేను బండి నడపడం మొదలుపెట్టి పదమూడేళ్లయింది.

మామయ్య మెట్ల మీద నిలబడి అంతా చూశారు. “బండికేం లేదమ్మాయ్. నేను వారం వారం చూస్తూనే ఉన్నాగా. బండికేం లేదు,” అన్నారు. ఆయన ఎప్పుడూ అంత గట్టిగా మాట్లాడరు. ఆ రోజు మాత్రం వీధి చివరికి వినబడేలా అన్నారు.

తర్వాతి గురువారం మళ్లీ బిగుసుకుంది. శుక్రవారం ఇంకా ఎక్కువ. సోమవారానికి ఏమీ ఎరగనట్టు తేలికైపోయింది.

మా అమ్మకి ఇలాగే మొదలైంది. నలభై ఆరో ఏట, ముందుగా డబ్బా మూతలు రాలేదు. తర్వాత తాళంచెవి తిప్పలేకపోయింది. పొద్దున బాగానే ఉండేది, సాయంత్రానికి చేతులు వాలిపోయేవి. పని ఎక్కువై అన్నారు అందరూ. నరాల జబ్బని తెలిసేసరికి చెంచా కూడా పట్టుకోలేని స్థితికి వచ్చింది. నాలుగేళ్లు మంచంలో ఉండి వెళ్లిపోయింది. అప్పటికి నాకు పందొమ్మిది. ఆ నాలుగేళ్లూ ఆమె నోట్లో ముద్ద పెట్టింది నేనే. అమ్మ జబ్బుతో పోయిందని మా ఆయనకి తెలుసు. కానీ అది మూతల దగ్గర మొదలైందని తెలిసింది నాకొక్కదానికే, ఎందుకంటే ఆ రోజుల్లో వంటింట్లో అమ్మ పక్కన ఉన్నది నేనే.

నాకు మొన్న వేసవిలో నలభై ఆరో ఏడు వచ్చింది.

ఇక చూడండి నా అవస్థ. స్టీరింగు బిగుసుకుందంటే రెండే అర్థాలు. బండి పాడైంది, లేదా నేను పాడవుతున్నాను. వారం మొదట్లో బాగుండి, వారాంతానికి చేతులు చాలకపోవడమంటే అలసిపోయే కండల లక్షణంలాగే ఉంది మరి. సొంత బండి చెడిపోవాలని అంత గట్టిగా కోరుకున్న మనిషిని నేనెక్కడా చూడలేదు. పంపు పోనీ, ఇంజను పోనీ, మొత్తం బండే తుక్కుకి పోనీ, నా చేతులు మాత్రం ఉండనీ అనుకున్నాను.

నన్ను నేను పరీక్షించుకోవడం మొదలుపెట్టాను. వంటింట్లో ఉన్న ప్రతి సీసా మూతా బిగించడం, విప్పడం. దుప్పట్లు పిండి, ఎన్ని చుక్కలు రాలాయో చూడటం. ఒకరోజు మా ఆయన పంచదార సీసాతో పది నిమిషాలు కుస్తీ పట్టి, చివరికి తువ్వాలు చుట్టి కూడా తీయలేక, “ఈ ఇంట్లో మూతలు ఎవరు బిగిస్తున్నారే, పహిల్వానులా!” అని అరిచాడు. ఆ అరుపు విని నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ సంతోషం గురువారం దాకా ఉంది. గురువారం దుకాణంలో అద్దం కోస్తుంటే గీత పక్కకి పోయింది. కోసిన గీత మీద విరిచేటప్పుడు పలక రెండుగా కాకుండా మూడుగా పగిలింది. ఏడాదికి ఒకటో రెండో అలా పగలడం మామూలే. కానీ ఆ రోజు ముక్కలు ఏరుతూ, చేతి వైపు చూడకుండా ఏరాను.

మెకానిక్కు దగ్గరికి రెండుసార్లు తీసుకెళ్లింది మా ఆయనే. రెండుసార్లూ సోమవారం పొద్దున, ఆ పూటకి బండి నా దగ్గర తీసుకుని, ఆఫీసుకి పోయే దారిలో. ఆ మెకానిక్కుని అందరూ చెవి మేస్త్రి అంటారు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద ఆనించి, పిడిని చెవికి ఆనించుకుని, కళ్లు మూసుకుని వింటాడు. మొదటిసారి విని, ఆయిలు నిండుగా ఉందన్నాడు. బెల్టు నొక్కి చూసి బాగుందన్నాడు. రెండోసారి వీధంతా తిప్పి తెచ్చి, “బండికేం లేదు సార్. మేడంగారు బండి ఆగి ఉన్నప్పుడు తిప్పుతున్నారేమో, కాస్త కదిలాక తిప్పమనండి,” అన్నాడట. మా ఆయన ఆ మాటని ఇంటికి తెచ్చి నాకు ప్రసాదంలా అందించాడు.

“నువ్వే ఓసారి తీసుకెళ్లి మాట్లాడొచ్చుగా?” అన్నాడు.

వెళ్లొచ్చు. దుకాణానికి పది నిమిషాల దూరం. కానీ వెళ్లలేదు. ఆ మేస్త్రి నా ఎదురుగా నిలబడి కూడా బండికేం లేదు అంటే, ఇక నాకు మిగిలేది ఒక్క జవాబే. ఆ జవాబు వినే ధైర్యం లేక, గురువారం వచ్చిందంటే దూరాలు తగ్గించుకోవడం, సందులు మానేసి తిన్నని రోడ్లు చూసుకోవడం మొదలుపెట్టాను. బండి ఎక్కడైనా వంపు తిరగాలంటే ముందే రెండు చేతులూ స్టీరింగు మీద బిగించేదాన్ని.

ఈ దాగుడుమూతలన్నీ ఒక శుక్రవారం సాయంత్రం తేలిపోయాయి.

పాపని బడి దగ్గర ఎక్కించుకున్నాను. వెనక ఆరు అద్దం పలకలున్నాయి. బడి మూల దగ్గర ఎడమకి తిరగాలి. తిప్పాను. బండి తిరగలేదు. స్టీరింగు చక్రం సగం వంపులో బిగుసుకుపోయి, బండి తిన్నగా పేవుమెంటు మీద పళ్లమ్ముకునే తోపుడు బండి వైపు పోయింది. బ్రేకు మీద నిలబడ్డాను. వెనక అద్దాలు ఒకదానికొకటి కొట్టుకున్న చప్పుడు. నా బంపరుకీ ఆయన కమలాపళ్ల బుట్టకీ మధ్య జానెడు కూడా లేదు.

“అమ్మా, నీ చేతులు వణుకుతున్నాయి,” అంది పాప.

వణుకుతున్నాయి. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని వాటివైపు చూస్తూ కూర్చున్నాను. అమ్మ మంచం మీద తన చేతులని అలాగే, పరాయివాళ్ల వస్తువుల్లాగ చూసుకునేది.

పళ్లాయన ఊరుకుంటాడా? చెయ్యి ఊపుకుంటూ వచ్చాడు. ఎత్తయిన మనిషి, మెడ దుంగలాగ ఉంది. “కళ్లు నెత్తికెక్కాయా అమ్మా? చేతకానప్పుడు బండెందుకు తీయడం? పిల్లలు తిరిగే చోటు ఇది!” అని అందుకున్నాడు.

“అవునయ్యా, చేతకాదు,” అన్నాను. “నువ్వు తిప్పి చూడు.”

“ఏంటీ?”

“చక్రం. ఇలా కిటికీలోంచి చెయ్యి పెట్టి తిప్పు. ఒక్కసారి.”

పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. పాప సీట్లో ముడుచుకుపోయింది. అయినా ఆయన చెయ్యి లోపల పెట్టి, విసుగ్గా చక్రం లాగాడు. అది రాలేదు. రెండో చెయ్యి కూడా వేశాడు. బండి ‘ఊఁ’ అని మూలిగింది.

“ఇదేంటమ్మా, రాయిలా ఉంది!” అన్నాడు.

“ఏమన్నావ్?”

“రాయిలా ఉందంటున్నా. దీన్ని పట్టుకుని ఎలా తిరుగుతున్నావ్? పిల్లనేసుకుని?”

“ఇంకోసారి తిప్పు బాబూ.”

ఇంకోసారి తిప్పాడు. ఆయన మెడ నరాలు ఉబ్బాయి. ఆ నరాలని చూసి నేను పడ్డ ఆనందం ఇంతా అంతా కాదు. అంతటి మనిషికే రాలేదు! ఇంటికెళ్లి పడుకోమని సలహా ఇచ్చి, నాలుగు కమలాపళ్లు పాప ఒళ్లో పడేసి, తనే ముందుకొచ్చి జనాన్ని ఆపి నాకు దారిచ్చాడు. నేను ఇంటికి పోలేదు. తిన్నగా చెవి మేస్త్రి షెడ్డు వైపు పోనిచ్చాను.

దారిలో ఇంకో కంగారు. రెండు మలుపులయ్యేసరికి చక్రం మళ్లీ తేలికపడటం మొదలుపెట్టింది. “వద్దు, వద్దు, ఇలాగే ఉండు. ఇంకో ఐదు నిమిషాలు బిగుసుకుని ఉండవే తల్లీ,” అని బండిని బతిమాలాను. పాప కిటికీలోంచి బయటికి చూస్తూ తొన తొనగా కమలాపండు తింటోంది. తల్లికి మతి పోయిందని పదమూడేళ్ల పిల్ల అంత నిదానంగా ఎలా ఒప్పుకుంటుందో నాకు తెలీదు.

షెడ్డు సగం మూసేశారు. మేస్త్రి చేతులు కడుక్కుంటున్నాడు. నేను ఇంజను ఆపకుండానే దిగి, “ఇప్పుడు చూడు. ఇప్పుడే చూడు. రేపంటే కుదరదు,” అన్నాను. నా మొహం చూసి ఏమనుకున్నాడో, తువ్వాలు భుజాన వేసుకుని వచ్చాడు.

బానెట్టు ఎత్తి, స్క్రూడ్రైవరు పెట్టి విన్నాడు. ఈసారి కళ్లు మూసుకోలేదు, పెద్దవి చేశాడు. ఇంజను ఆపమని, పక్కనున్న చిన్న డబ్బా మూత తీసి లోపలికి తొంగి చూశాడు.

“ఆయిలు లేదు. అడుగున నురగ తేలుతోంది. ఆ సోమవారం నేను చూసినప్పుడు గీత దాకా ఉందే!” అన్నాడు. “మీరేమైనా తీశారా?”

“ఆ మూత ఎక్కడుంటుందో కూడా నాకు తెలీదు.”

“మరి ఎటు పోయినట్టు?”

బండి కిందికి దూరాడు. ఇంజను కింద దుమ్ము పడకుండా వెడల్పాటి ప్లాస్టిక్కు రేకు ఒకటి ఉంటుంది. దాని బోల్టులు విప్పి ఒక పక్కకి వంచాడు. ఎర్రటి ఆయిలు తాంబాళంలోంచి ఒంపినట్టు కారింది. నేల మీద ఒక్క చుక్క పడకుండా ఇన్ని వారాల ఆయిలూ ఆ రేకులోనే దాక్కుంది. మేస్త్రి కింద నుంచే డబ్బాలో కొంచెం ఆయిలు పోయమని నాకు చెప్పాడు. ఇంజను మళ్లీ వేయించాడు. పాపని డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, టార్చి వేసుకుని, “పాపా, ఎడమకి తిప్పు. ఇంకా. ఇంకా. ఆఁ!” అన్నాడు. 

“దొరికింది. గొట్టం పగిలిందమ్మా. క్లిప్పు కింద, అడుగు వైపు. తిన్నగా ఉంటే మూసుకుపోతోంది, తిప్పి బలం పడితే చిమ్ముతోంది. ఆయిలు తగ్గినకొద్దీ గాలి పీలుస్తుంది, అప్పుడు బిగుసుకుంటుంది. ఆ గాలి పోతే కాసేపు తేలికవుతుంది.”

“అంటే బండిదేనా తప్పు?”

“ఇంకెవరిది?”

“నా చేతులది కాదు కదా?”

“మీ చేతులకేమైందమ్మా?”

పాత టైర్ల దొంతర మీద కూలబడి ఏడ్చేశాను. ఏడుస్తూ నవ్వుతుంటే మేస్త్రి కంగారుపడ్డాడు. “అయ్యో, గొట్టమేనమ్మా, పెద్ద ఖర్చు కాదు. పంపు బాగానే ఉంది,” అన్నాడు. పంపు కూడా పోయిందని చెప్పినా ఆయనకి దణ్ణం పెట్టేదాన్ని.

కానీ మేస్త్రికి ఇంకా మనసు కుదుటపడలేదు. రెండుసార్లు తప్పు చెప్పానన్న బాధ మొహంలో కనిపిస్తోంది. టార్చి మళ్లీ వేసి, క్లిప్పుకి చిక్కుకున్న ఒక తెల్లటి పీలిక తీసి నా చేతిలో పెట్టాడు. పాత బనియను ముక్క.

“ఎవరో వారం వారం ఆయిలు నింపుతున్నారు. గొట్టాలూ డబ్బా అద్దంలా తుడుస్తున్నారు. నా దగ్గరికొచ్చేసరికి నిండుగా, పొడిగా ఉంటోంది. పైన అంత శుభ్రంగా ఉంటే కింద రేకు విప్పాలని ఎవరికి తోస్తుంది? జబ్బుని కడిగి, ముస్తాబు చేసి నా దగ్గరికి పంపుతున్నారమ్మా. ఎవరది?”

నాకు చప్పున వెలిగింది. ఆదివారం తెల్లవారుజాము. డిపో అలవాటు. సోమవారం వర్కుషాపుకి పోయే బండి నిండుగా, తుడిచి ఉండాలి. వెలితిగా పంపితే ఇచ్చేవాడికి సిగ్గు!

రేపు మధ్యాహ్నానికి కొత్త గొట్టం వేస్తానన్నాడు. బండి అక్కడే వదిలేసి పాపా నేనూ నడిచి బయల్దేరాం. ఇరవై నిమిషాల నడక. ఆ ఇరవై నిమిషాలూ మామయ్యని ఏమనాలో వరసగా పేర్చుకున్నాను. రెండు నెలలు! ప్రతి వారం ఆయిలు తగ్గిపోతుంటే చూస్తూ, ఒక్క మాట చెప్పకుండా నింపి, పైగా మెట్ల మీద నిలబడి బండికేం లేదని వీధికంతా వినబడేలా అంటారా? ఎంత పెద్దవాళ్లయితే మాత్రం?

“అమ్మా, తాతయ్యని తిట్టకు,” అంది పాప.

“నువ్వు మాట్లాడకు.”

“తిట్టకమ్మా,” అని మళ్లీ అంది, ఎందుకో చెప్పలేదు.

ముందు గదిలో మామయ్య కుర్చీలో ఉన్నారు. మా ఆయన అప్పుడే వచ్చి బూట్లు విప్పుతున్నాడు. చెప్పులు కూడా విడవకుండా ఆ బనియను పీలిక తీసుకెళ్లి మామయ్య ముందున్న బల్ల మీద పెట్టాను.

“ఇది మీదేనా మామయ్యా?”

ఆయన దాన్ని వేళ్లతో తిరగేసి చూశారు.

“స్టీరింగు ఆయిలు మీరే పోస్తున్నారు కదూ? వారం వారం ఖాళీ అయిపోతోందని మీకు తెలుసు. తెలిసి కూడా చెప్పలేదు. ఇవాళ బడి దగ్గర, పిల్లలు తిరిగే చోట చక్రం తిరగలేదు. పాప నా పక్కనే ఉంది. మీకు తుడవడం, నింపడం, ఇచ్చేవాడికి సిగ్గు, అంతే! నాకేమైందో తెలుసా మీకు? ఎవరికైనా తెలుసా?”

ఇక ఆగలేదు. అమ్మ సంగతి, మూతల సంగతి, నలభై ఆరో ఏడు, అద్దం మూడు ముక్కలు కావడం, అన్నీ కక్కేశాను. “రెండు నెలలుగా నేను చచ్చిపోతున్నాననుకుని బతుకుతున్నాను!” అని అరిచాను. మా ఆయన చేతిలో ఒక బూటు అలాగే ఉండిపోయింది. “నాతో చెప్పొచ్చు కదే,” అన్నాడు మెల్లగా. “చెబితే వేలితో తిప్పి చూపిస్తారు,” అన్నాను. ఆయన బూటు కింద పెట్టాడు.

మామయ్య లేచారు. లోపలికి వెళ్లి జేబు డైరీ ఒకటి తెచ్చి నా చేతికిచ్చారు. ఆయనకి డైరీ ఉందని కూడా నాకు తెలీదు. తెరిచాను.

ఒక ఆదివారం కింద ‘స్టీరింగు ఆయిలు నింపాను’ అని ఉంది. తర్వాతి ఆదివారం కింద ‘నింపాను. గీత దాకా.’ ఆ తర్వాత ‘నింపాను. మూత పెట్టాను. సీసా మెట్ల కింద పెట్టాను.’ ఆ పైవారం అక్షరాలు పెద్దవిగా ఉన్నాయి: ‘నింపాను. నేనే నింపాను. పాప పక్కనే ఉండి చూసింది.’

“నన్ను లేపి చూపించాడు తాతయ్య,” అంది పాప వెనక నుంచి. “ఎవరికీ చెప్పద్దని ఒట్టు వేయించుకున్నాడు.”

మామయ్య కుర్చీ చెయ్యి పట్టుకుని నిలబడ్డారు. “మొదటి వారం ఖాళీగా ఉంటే, పోయినసారి నింపడం మరిచిపోయాననుకున్నా,” అన్నారు. “రెండో వారం కూడా ఖాళీగా ఉంది. రాసుకోవడం మొదలెట్టా. రాసి ఉంది, ఆయిలు మాత్రం లేదు. నింపకుండానే రాసేశానేమో అనుకున్నా. గొట్టం మీద తడి ఉంటే, పోసేటప్పుడు నా చెయ్యి ఒణికి ఒలికిందనుకున్నా. తుడిచేశా. నేల మీద చుక్క లేదమ్మా. నేల మీద చుక్క లేకుండా ఆయిలెక్కడికి పోతుంది? నా బుర్రే పోతోందనుకున్నా.”

“మరి నాన్నా, బండికేం లేదని...” అన్నాడు మా ఆయన.

“బండికేం లేదనే నమ్మానురా. బండికి ఉందంటే ఎవరో బానెట్టు ఎత్తి అడుగుతారు, ఆయిలు ఎవరు చూస్తున్నారని. నేను చూస్తున్నానని చెప్పాలి. చూశావా లేదా అంటే ఏం చెప్పను? నాకే తెలీదు.” ఆయన మెల్లగా కుర్చీలో కూర్చున్నారు. “ముప్పై ఒక్క ఏళ్లు నడిపానురా. బస్సునిండా జనం. అలాంటి మనిషికి ఆదివారం చేసిన పని మళ్లీ ఆదివారానికి గుర్తులేదంటే, మీరు తాళం కాదు కదా, గేటు గడియ కూడా నా చేతికివ్వరు.”

ఒకే ఇంట్లో, ఒకే గొట్టం కింద ఇద్దరం నలిగిపోయాం. రోజూ పొద్దున్నే ఆయనకి కాఫీ ఇచ్చాను, ఆయన తీసుకున్నారు. ఎవరి భయం వాళ్లు కడుపులో పెట్టుకుని, బండికేం లేదని ఒకరూ, ఉందని ఒకరూ పోట్లాడుకున్నాం. నా కోపం ఎటు పోయిందో తెలీదు. ఆయన పక్కన నేల మీద కూర్చుండిపోయాను.

“మీరు ఏదీ మరిచిపోలేదు మామయ్యా. ప్రతి వారం నింపారు. గొట్టం పగిలింది.”

“ఎక్కడ?”

“క్లిప్పు కింద. అడుగు వైపు.”

“పైనుంచి చూస్తే కనిపించదా?”

“కనిపించదు.”

“నా కళ్లకి కనిపించదా, ఎవరికీ కనిపించదా?”

“ఎవరికీ కనిపించదు. మేస్త్రే రెండుసార్లు చూసి కనుక్కోలేకపోయాడు. ఆయిలంతా కింద రేకులో ఉంది. ఇవాళ విప్పితే ధారగా కారింది. మీరు పోసిందంతా అక్కడే ఉంది.”

ఆయన కళ్లు మూసుకున్నారు. “అంతా అక్కడే ఉందా?” అన్నారు.

“అంతా అక్కడే ఉంది మామయ్యా.”

మా ఆయన నా చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుని, రేపు డాక్టరు దగ్గరికి కూడా వెళ్లొద్దాం, ఊరికే, నీ మనశ్శాంతికి అన్నాడు. సరేనన్నాను. పాప కమలాపండు ఒలిచి తాతయ్యకి తొనలు ఇస్తోంది. ఆయన తొన చేత్తో పట్టుకునే ఉన్నారు, తినడం లేదు.

“అమ్మాయ్,” అన్నారు కాసేపటికి. “ఆ గొట్టం ఎక్కడ పగిలిందన్నావు?”

మా ఆయన ఉలిక్కిపడి నావైపు చూశాడు. నేను ఆయన్ని కళ్లతోనే ఆపాను. మామయ్య మరిచిపోయి అడగడం లేదు. ఆ మాట ఆయనకి ఎలా వినబడుతోందో ఈ ఇంట్లో నాకంటే బాగా ఎవరికీ తెలీదు.

“అడుగు వైపు మామయ్యా,” అన్నాను.

“అడుగు వైపు,” అన్నారు ఆయన. “ఇంకోసారి చెప్పమ్మా.”

ఇంకోసారి చెప్పాను.